ఓపెన్ సోర్స్: తూము దగ్గర కూర్చునేది ఎవరు?

బాన్సువాడలోనో కామారెడ్డిలోనో ఇరవై ఏళ్లుగా నడుస్తున్న ఒక డీటీపీ సెంటర్‌కు పోయి పాత కంప్యూటర్ తెరిపించండి. అందులో ఏనాటిదో ఏప్రిల్ 14 జయంతి సభ కరపత్రం దొరకొచ్చు. శ్మశానం జాగా కోసం వాడోళ్లు మండలాఫీసులో ఇచ్చిన వినతిపత్రం దొరకొచ్చు. ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి మీ ల్యాప్‌టాప్‌లో తెరవండి. ఆనాడు వాడిన ఫాంటు మీ దగ్గర లేకపోతే తెలుగు కనిపించదు. ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైల్ చెక్కుచెదరలేదు. చదవడానికి మాత్రం వీల్లేదు.

కరపత్రం ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. కానీ 1994 జూలై 7న ఈదుముడిలో దండోరా మొదలైన నాటి నుంచి 2000ల చివరి దాకా తెలుగునాట దళిత ఉద్యమం అచ్చువేసిన కరపత్రాలు, ప్రత్యేక సంచికలు, నిజనిర్ధారణ నివేదికలు చాలావరకు డీటీపీలో కొట్టినవే. గూగుల్‌లో వెతికితే అవి దొరకవు. దొరకనిది కొత్త తరం దృష్టిలో లేనట్టే. ఆ తాళం ఎట్లా పడింది, దాన్ని తీసే తాళంచెవులు ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఆ చెవులు తుప్పు పట్టకుండా ఎవరు చూడాలి అన్నదే ఈ వ్యాసం. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అనే మాట మనకెందుకో తెలుసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

తాళం ఎట్లా పడింది

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె ఒక్కటే తెలుసు. 'అ' అనే అక్షరానికి ఏ అంకె వాడాలో ముందుగా ఒప్పందం ఉండాలి. ప్రపంచ భాషలన్నిటికీ కలిపి అట్లాంటి ఒప్పందమే యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గడుల చోటు దక్కింది. కానీ మన డీటీపీ సెంటర్లలో నడిచిన పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు రాదు. అందుకే అను, శ్రీలిపి లాంటి ఫాంట్లు సొంత పద్ధతి పెట్టుకున్నాయి. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన అంకెల మీదే తెలుగు బొమ్మలను కూర్చోబెట్టాయి. కంప్యూటర్ లెక్కలో అది ఇంగ్లీషే. పైన తొడిగిన ఫాంటు వల్ల మన కంటికి తెలుగుగా కనబడుతుంది. ఆ ఫాంటు తీసేస్తే అసలు రూపం బయటపడుతుంది.

తొలినాళ్లలో తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లదీ ఇదే కథ. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. ఒక పత్రిక వార్తను కాపీ చేసి ఇంకోచోట పెడితే చెత్త వచ్చేది. వెతకడం కుదిరేది కాదు.

తాళంచెవి చేసినవాళ్లు

ఈ చిక్కు మీద కూర్చున్నవాళ్లలో వెన్న నాగార్జున ఒకరు. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియాకు పునాది వేసిన ఇంజనీర్ ఆయనే. 'పద్మ' అనే చిన్న ప్రోగ్రాం రాశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు దాన్ని తగిలిస్తే, పత్రికల సొంత ఫాంట్లలో ఉన్న పేజీని అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. తర్వాత మరికొన్ని భారతీయ లిపులకూ విస్తరించింది.

'పద్మ' చేసే పని చెప్పడానికి తేలిక, రాయడానికి కష్టం. ఒక్కో ఫాంటుకు ఒక పట్టిక తయారు చేయాలి. ఈ అంకె ఉంటే ఈ ఒత్తు, ఈ అంకె ఉంటే ఈ గుడి అని ఒక్కొక్కటే చూసి రాసుకోవాలి. పైగా ఫాంటులో ముక్కలు కంటికి కనిపించే వరుసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరుసలో ఉంటాయి. కాబట్టి ముక్కలను విడదీసి, వరుస మార్చి, మళ్లీ అతకాలి. వందలాది ముక్కల్లో ఒక్క ఒత్తు తప్పినా మాట మారిపోతుంది. ఈ పనికి ఎవరూ జీతం ఇవ్వలేదు. ఎవరూ ఆర్డర్ వేయలేదు.

'పద్మ' కోడ్ అందరికీ తెరిచే ఉంది. అందుకే దాని మీద ఇంకో ఇల్లు లేచింది. వీవెన్ అనే పేరుతో తెలుగువాళ్లకు తెలిసిన డెవలపర్ 'లేఖిని' తయారు చేశారు. 'అమ్మ' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే పక్క పెట్టెలో తెలుగులో వచ్చే పేజీ అది. లోపల మార్పిడి చేసే యంత్రం 'పద్మ'దే. తెలుగు కీబోర్డు తెలియని వేలమంది మొదటిసారి ఇంటర్నెట్‌లో తెలుగు రాసింది అట్లాంటి పేజీల్లోనే. అదే కాలంలో హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు, విద్యార్థులు కలిసి ఒక మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నారు.

నాలుగు హక్కులు

ఇవన్నీ సాధ్యమైంది ఒక లైసెన్స్ వల్ల. ప్రోగ్రామర్ రాసే మూలపాఠాన్ని సోర్స్ కోడ్ అంటారు. మామూలు కంపెనీలు దాన్ని దాచిపెట్టి, పనిచేసే రూపాన్ని మాత్రమే అమ్ముతాయి. వంటకం పెడతారు, ఎట్లా వండారో చెప్పరు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించి, దీనికి ఎదురు తిరిగారు. సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు నాలుగు హక్కులు ఉండాలన్నది ఆ ఉద్యమ సారం: ఏ పనికైనా వాడుకునే హక్కు, లోపల ఏముందో చదివి మార్చుకునే హక్కు, ఇతరులకు పంచే హక్కు, మార్చినదాన్ని కూడా పంచే హక్కు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఈ పద్ధతిలోనే పెరిగింది. ఓపెన్ సోర్స్ అనే పేరు 1998లో వచ్చింది. ఈరోజు మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నది ఆ లినక్సే.

ఈ హక్కుల విలువ ఏమిటో 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరమే చూపించింది. 'జ్ఞా'కు సంబంధించిన ఒక అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి. తెలుగు చదవగలిగిన ఇంజనీర్లు లక్షల్లో ఉన్నా, బయటివాళ్లెవరికీ లోపలికి పోయి బాగుచేసే హక్కు లేదు. ఆపిల్ కొత్త అప్‌డేట్ ఇచ్చేదాకా ఆగాల్సిందే. అదే ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీస్‌లో తెలుగు అక్షరాలను కూర్చేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. గుణింతం ఎక్కడ పెట్టాలో, ఒత్తు ఎక్కడ వేలాడాలో అదే చూసుకుంటుంది. ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఇస్ఫాహ్‌బోద్, ఈజిప్టుకు చెందిన ఖాలిద్ హోస్నీ దాన్ని నడిపించినవాళ్లలో ముఖ్యులు. పర్షియన్, అరబిక్ లిపులు తెరమీద సరిగా రాని బాధ తెలిసినవాళ్లు అంత లోతుకు దిగారంటే ఆశ్చర్యం లేదు. ఆ కష్టం తెలుగుకూ పనికొచ్చింది. ఎవరి నొప్పి వాళ్లు బాగుచేసుకుంటే అది పదిమందికీ మందయ్యే పద్ధతి ఇది.

కట్టడం వేరు, కాపాడటం వేరు

ఇక అసలు విషయం. సాఫ్ట్‌వేర్ ఒకసారి రాసి వదిలేస్తే నిలిచేది కాదు. కింద నేల కదులుతూ ఉంటుంది. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు వచ్చింది. వేగం కోసం, భద్రత కోసం పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఆపేసింది. 'పద్మ' ఆ పాత తరహాలో రాసిందే. అట్లాంటివన్నీ కొత్త పద్ధతిలో మళ్లీ రాస్తేనే బతుకుతాయి. పట్టికల్లో తప్పేమీ లేదు, తెలుగు మారలేదు. అయినా ఎవరో ఒకరు మళ్లీ కూర్చుని పని చేయాలి.

ఆ కూర్చునే మనిషిని మెయింటెయినర్ అంటారు. వాడుకదారులు రాసే ఫిర్యాదులు చదవాలి. నిజమైన లోపమేదో, అపార్థమేదో తేల్చాలి. ఇతరులు పంపిన మార్పులను వరుస వరుసా పరిశీలించాలి. భద్రతా లోపం బయటపడితే పండుగపూట కూడా సరిచేయాలి. 'వద్దు' అని మర్యాదగా చెప్పాలి. కొత్తది తయారు చేసినవాళ్ల పేరు పత్రికల్లో వస్తుంది. పదేళ్లు కాపాడినవాళ్ల పేరు ఎవరికీ తెలియదు.

ఇది మనకు తెలియని కథ కాదు. బాన్సువాడ చుట్టూ వరి పండేది నిజాంసాగర్ నీళ్లతో. 1931లో మంజీర మీద పూర్తయిన ఆ ప్రాజెక్టుకు నిజాం పేరుంది, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరుంది. కానీ తెలంగాణ పల్లెల్లో చెరువు తూము ఎప్పుడు తీయాలి, ఎప్పుడు మూయాలి, చివరి మడికి నీళ్లు చేరాయా లేదా అని రాత్రింబగళ్లు చూసింది నీరడి. చాలా ఊళ్లలో ఆ నీరడి మాల కులస్తుడు. ఏ కట్టకు గండి పడేలా ఉందో, ఏ కాలువ పూడిందో ఆయనకే తెలుసు. శాసనాల మీద చెరువు తవ్వించిన దొర పేరు ఉంటుంది, నీరడి పేరు ఉండదు. పుట్టించే పనికి గౌరవం, కాపాడే పనికి, శుభ్రం చేసే పనికి చిన్నచూపు: ఈ విభజనను కులవ్యవస్థ ఎంత గట్టిగా పాతిందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

పోలిక ఇక్కడితో ఆపాలి. నీరడి పని పుట్టుకతో అంటగట్టింది, కాదనే వీలు లేనిది. వెట్టిలో ఇష్టం అనే మాటకే తావు లేదు. ఓపెన్ సోర్స్ డెవలపర్ తన ఇష్టంతో వస్తాడు, ఇష్టం లేకపోతే మానేస్తాడు. ఈ తేడా చిన్నది కాదు. 'ప్యాషన్' అని ఐటీ రంగం మురిసిపోయే మాట వెనుక ఉన్నది ఇదే: ఎవరూ చెప్పకుండా, తన తెలివితో, తనకు నచ్చిన సమస్య మీద పనిచేసే స్వేచ్ఛ. ఆ ఆనందం నిజమైనది. వాడ నుంచి వచ్చిన పిల్లలకు తరతరాలుగా అందకుండా చేసింది కూడా సరిగ్గా ఆ ఆనందాన్నే.

ఇష్టం మీద బతికే లోకం

అయితే ఆ ఇష్టం మీద ఎంత బరువు మోపుతున్నారో చూడాలి. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. బ్యాంకుల నుంచి షాపింగ్ సైట్ల దాకా పాస్‌వర్డులను కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఉన్న లోపం అది. అంత పెద్ద వ్యవస్థకు పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కరే, ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు అని అప్పుడు గానీ లోకానికి తెలియలేదు.

పదేళ్లకు, 2024 మార్చిలో, ఇంకోటి జరిగింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ ప్రోగ్రాంను ఫిన్లాండ్‌కు చెందిన లాసె కాలిన్ ఏళ్ల తరబడి జీతం లేకుండా చూసుకున్నాడు. మానసికంగా అలసిపోయానని, ఇది తన ఖాళీ సమయపు పని అని 2022లోనే చెప్పుకున్నాడు. పని ఆలస్యమవుతోందని కొన్ని పేర్లతో ఒత్తిడి పెరిగింది. సాయం చేస్తానంటూ వచ్చిన 'జియా టాన్' అనే పేరు రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించుకుని, చివరకు లోపల దొంగదారి పెట్టింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ దాన్ని పట్టుకోకపోతే లెక్కలేనన్ని సర్వర్ల తలుపులు తెరుచుకునేవి. కోట్ల డాలర్ల కంపెనీలు ఒక్క మనిషి అలసట మీద నిలబడి ఉన్నాయని అది చూపించింది. ఉచితంగా దొరికే శ్రమను లాభం చేసుకునే పద్ధతి ఏ పేరుతో వచ్చినా మనం గుర్తుపట్టగలం.

తెరిచిన చెరువు, దిగలేని మెట్లు

ఇంకో ప్రశ్న ఉంది. ఖాళీ సమయం ఎవరికి ఉంటుంది? సాయంత్రం ట్యూషన్ చెప్పి, సెలవుల్లో నాట్లకో మేస్త్రీ పనికో పోయి చదువుకునే విద్యార్థికి జీతం లేని కోడింగ్ ఎట్లా కుదురుతుంది? సొంత ల్యాప్‌టాప్ లేదు, హాస్టల్‌లో నెట్ ఉండీ లేనట్టే, చర్చలన్నీ ఇంగ్లీషులో. 2017లో గిట్‌హబ్ చేసిన ఓపెన్ సోర్స్ సర్వేలో జవాబిచ్చినవారిలో 95 శాతం మగవాళ్లు, 3 శాతం ఆడవాళ్లు. కులం లెక్క అందులో లేనే లేదు. లెక్కపెట్టకపోతే సమస్య లేదనుకోవడం మన యూనివర్సిటీల్లో చూసిందే.

మహాడ్ చెరువును గుర్తు చేసుకోండి. బహిరంగ నీటి వనరులు అందరికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. మహాడ్ మున్సిపాలిటీ 1924లో తన చెరువును తెరుస్తూ తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు తెరిచే ఉంది. అయినా అంటరానివాళ్లెవరూ నీళ్లు తాగలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి దోసిట నీళ్లు తీసుకుంటేనే ఆ తీర్మానానికి అర్థం వచ్చింది. ఆ తర్వాత కూడా కోర్టు కేసు 1937 దాకా నడిచింది. లైసెన్స్ కూడా అట్లాంటి తీర్మానమే. ఎవరైనా రావచ్చు అని రాసి ఉంటుంది. మెట్లు దిగి రావడానికి కావలసిన సమయం, యంత్రం, భాష, ధైర్యం దానంతట అది ఇవ్వదు.

ఈ దిశలో కొంత కదలిక లేకపోలేదు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ప్రవర్తనా నియమావళిగా చాలామంది వాడే 'కంట్రిబ్యూటర్ కవనెంట్' 2014లో మొదలైంది. జాతి, లింగం, మతం లాంటి వివక్షల జాబితాలో 'కులం' అనే మాట 2.1 కూర్పులో చేరింది. కాలిఫోర్నియా పౌరహక్కుల విభాగం 2020లో సిస్కో మీద కులవివక్ష దావా వేసింది. అందులో ఇద్దరు ఇంజనీర్ల మీద కేసును 2023లో ఉపసంహరించుకున్నా కంపెనీ మీద కొనసాగించింది. ఐటీ రంగంలో కులం మాట బయటికి వచ్చిన కాలం అది. ఏ ప్రాజెక్టులోనైనా చేరేముందు దాని నియమావళి తెరిచి చూడండి. కులం మాట లేకపోతే చేర్చమని అడగండి. అదీ ఒక కంట్రిబ్యూషనే.

బెంగళూరులోని సుదర్శన్ లేఅవుట్ అనే పేదల బస్తీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ నడిపారు. బస్తీ పిల్లలు అక్కడ గింప్ అనే ఉచిత ప్రోగ్రాంతో బొమ్మలు గీశారు. ఇంటి పక్కనే యంత్రం, నేర్పే మనిషి, అడిగితే చిన్నబుచ్చని వాతావరణం ఉంటే పిల్లలు ఎంత దూరం పోతారో అది చూపింది.

ఇక్కడి నుంచి ఏం చేయొచ్చు

మొదటి పని మన దగ్గరే ఉంది. మీ ఊరి డీటీపీ సెంటర్‌లో, సంఘం ఆఫీసులో మిగిలిన పాత ఫైళ్లను సేకరించండి. అసలు ఫైల్‌ను అట్లాగే దాచండి, దానితోపాటు ఏ ఫాంటులో కొట్టారో రాసిపెట్టండి. ఫాంటు పేరు తెలియకపోతే రేపు ఎంత మంచి ప్రోగ్రాం వచ్చినా దాన్ని విప్పడం కష్టం. పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే ఓపెన్ సోర్స్ పరికరాల్లో వేసి చూడండి. తప్పు వచ్చిన ప్రతి ఒత్తునూ రాసుకుని ఆ ప్రాజెక్టుకు పంపండి. దీనికి కోడింగ్ రానక్కరలేదు. కళ్లు, ఓపిక, తెలుగు వస్తే చాలు.

కాగితం మీద మాత్రమే మిగిలినవాటికి టెసరాక్ట్ ఉంది. హెచ్‌పీ కంపెనీలో పుట్టి, 2005లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన ప్రోగ్రాం అది. ఫొటోలోని అక్షరాలను చదివి టైపు చేసిన పాఠంగా మారుస్తుంది, తెలుగు కూడా చదువుతుంది. 1980ల చివర మొదలైన 'నలుపు' లాంటి పత్రికల పాత అచ్చు, చెరిగిన సిరా, మడతలు పడ్డ కాగితం దానికి కష్టం. సరిదిద్దిన పేజీలు ఇస్తేనే అది మెరుగవుతుంది.

ఇది ఇప్పుడే ఎందుకు అవసరమంటే, తెలుగు మాట్లాడే కృత్రిమ మేధ ఇప్పుడే తయారవుతోంది. అది ఇంటర్నెట్‌లో దొరికే తెలుగును చదివి నేర్చుకుంటుంది. అక్కడ దొరికేది వార్తాపత్రికల తెలుగు, సినిమా తెలుగు, పురాణాల తెలుగు. మన కరపత్రాల భాష, వాడల మాట, డప్పు మీద పలికిన నినాదం పాత ఫాంట్లలో తాళం పడి ఉంటే, రేపటి యంత్రానికి మనం ఎవరో తెలియదు. మన గురించి ఇతరులు రాసింది మాత్రం తెలుస్తుంది.

రెండో పని డబ్బు అడగడం. ఇష్టం ఉంది కదా అని ఊరికే చేయనక్కరలేదు. అవుట్‌రీచీ అనే ఇంటర్న్‌షిప్ ఓపెన్ సోర్స్ పనికి 7,000 డాలర్ల స్టైపెండ్ ఇస్తుంది. అణచివేతకు గురైన సమూహాలవారి కోసమే అది ఉంది. మీరు ఎదుర్కొన్న వివక్షను దరఖాస్తులో వివరించమని అడుగుతుంది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది. జర్మనీ ప్రభుత్వం సావరిన్ టెక్ ఫండ్ పెట్టి మెయింటెయినర్లకు డబ్బిస్తోంది. కేరళ ప్రభుత్వ బడుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే పాఠాలు నడుస్తాయి.

తెలంగాణలో 2017 చట్టం ప్రకారం ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఉన్నాయి. బాన్సువాడ లాంటి ఊళ్లలో హాస్టల్ విద్యార్థులకు సాయంత్రాలు తెరిచి ఉండే ల్యాబ్, పాత ఉద్యమ సాహిత్యాన్ని యూనికోడ్‌లోకి మార్చే పనికి నెలనెలా ఫెలోషిప్ ఇవ్వాలని ఆ నిధి నుంచి అడగడం గొంతెమ్మ కోరిక కాదు. కార్యకర్తలు రాసే వినతిపత్రాల్లో బోరుబావి, సీసీ రోడ్డు పక్కన ఈ డిమాండ్ కూడా చేరాలి.

మూడో పని నిలబడటం. ఒక ఫాంటు పట్టికను పూర్తి చేసి గిట్‌హబ్‌లో పెట్టడం వారం పని కావచ్చు. వచ్చే ఐదేళ్లు దాన్ని సరిచేస్తూ ఉండటమే అసలు పని. అది ఒక్కరి మెడకు చుట్టుకోకుండా ఇద్దరు ముగ్గురు పంచుకోవాలి. ఎవరు ఏం చేశారో పేర్లతో సహా ఆ ప్రాజెక్టు పేజీలో రాయాలి. ఓపెన్ సోర్స్‌లో దానికి చోటుంది: ప్రతి మార్పు పక్కన చేసినవాళ్ల పేరు, తేదీ శాశ్వతంగా నమోదవుతాయి. తూము తీసిన చేతికి శాసనంలో దక్కని చోటు అది. ఈసారి మన పేర్లు మనమే రాసుకోవాలి.